అజ్ఞాతం, మారుపేరు, మారురూపం: విరాటపర్వ, కళాపూర్ణోదయాల వెలుగులో అంతర్జాల గుర్తింపు

ప్రవేశిక

సామాజిక మాధ్యమాలలో అసలు పేరు లేని ఖాతా ఏది కనిపించినా దానిని ‘ఫేక్ ఐడీ’ అనడం నేటి వాడుక. తన ఫోటోకు బదులు మందారపువ్వు బొమ్మ పెట్టుకున్న గృహిణి ఖాతా, కలంపేరుతో కవితలు రాసే ఉపాధ్యాయుని ఖాతా, పోలీసు అధికారి ఫోటో పెట్టి డబ్బు గుంజే మోసగాని ఖాతా, ఈ మూడింటికీ ఆ ఒక్క మాటే వర్తిస్తోంది. భాషలో మూడు వేర్వేరు పనులకు ఒకే పేరు స్థిరపడినప్పుడు ఆలోచనలోనూ అవి కలిసిపోతాయి. మోసగానిపై కోపం గృహిణిపై అనుమానంగా మారుతుంది. ‘అసలు పేరుతో రాయడానికి భయమెందుకు?’ అనే ప్రశ్న నిజాయితీకి పరీక్షలాగా చెలామణి అవుతుంది.

ఈ మూడింటినీ విడదీసి చూడడానికి కావలసిన పరికరాలు తెలుగు సాహిత్యంలోనే ఉన్నాయని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం. తన గుర్తింపును మరుగుపరచుకోవడం అజ్ఞాతం. కొత్త పేరు పెట్టుకొని ఆ పేరుతో చేసిన పనికి బాధ్యత వహించడం మారుపేరు. మరొకరి ముఖాన్ని వారి అనుమతి లేకుండా ధరించడం మారురూపం. మొదటిదానికి తిక్కన విరాటపర్వం, మూడవదానికి పింగళి సూరన కళాపూర్ణోదయం, రెండవదానికి మన కలంపేర్ల సంప్రదాయం ప్రధాన ఆకరాలుగా ఈ పరిశీలన సాగుతుంది. దీనికి నేపథ్యంగా తీసుకున్న సామాజిక క్షేత్రం కర్నూలు జిల్లా పడమటి భాగం, అంటే ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల పరిసరాలలోని గోనెగండ్ల ప్రాంతం. విరాటపర్వం చదివిస్తే వాన కురుస్తుందనే విశ్వాసం తెలుగునాట ప్రసిద్ధం. వానను నమ్ముకొని బతికే ఇటువంటి మెట్టప్రాంతాలలో ఆ విశ్వాసానికి ఉన్న అర్థం వేరు. కళాపూర్ణోదయాన్ని అంకితం పొందినవాడు నంద్యాల కృష్ణరాజు. కాబట్టి ఈ రెండు కావ్యాలూ ఈ సీమకు పరాయివి కావు.

ఊరిలో గుర్తింపు

గోనెగండ్ల మండలంలో హంద్రీ నదిపై గాజులదిన్నె ప్రాజెక్టు ఉంది. అయినా ఈ ప్రాంతపు సేద్యంలో అధికభాగం వర్షాధారమే. పనులు లేని నెలల్లో పడమటి కర్నూలు కుటుంబాలు గుంటూరు వైపు మిరప, పత్తి కోతలకు, బెంగళూరు వంటి నగరాలకు కూలిపనులకు తరలిపోతాయి. దీనినే స్థానికంగా ‘సుగ్గికి పోవడం’ అంటారు. అటువంటి కుటుంబానికి ఫోన్ అవసర వస్తువు. ఊళ్లో ముసలి తల్లిదండ్రుల దగ్గర వదిలి వచ్చిన పిల్లల ముఖం చూడడానికి, మేస్త్రీతో మాట్లాడడానికి, కూలిడబ్బు పంపడానికి అదే ఆధారం.

ఊరిలో మనిషిని గుర్తించే పద్ధతికీ తెరమీద గుర్తించే పద్ధతికీ మౌలికమైన తేడా ఉంది. ఉరుకుంద ఈరన్న, మంత్రాలయం రాఘవేంద్రస్వామి కొలువైన ఈ ప్రాంతంలో ఈరన్నలు, ఈరమ్మలు, రాఘవేంద్రలు వీధికొకరు కనిపిస్తారు. అందువల్ల ఊరు మనిషిని పేరు ఒక్కదానితో గుర్తించదు. ఫలానావారి కొడుకు, ఫలానా వీధి, ఫలానా పని, మనిషిలోని ఏదో ఒక గుర్తు కలిస్తేనే ఆ మనిషి ఎవరో తెలుస్తుంది. రాయలసీమలో దస్తగిరి, మస్తానమ్మ, హుసేనప్ప వంటి పేర్లు గల హిందూ కుటుంబాలు ఉన్నాయి. పీర్ల పండుగను, దర్గాలను కలిసి కొలిచిన చరిత్ర ఆ పేర్లలో నిలిచి ఉంది. పేరును బట్టి మతాన్ని నిర్ణయించే యాంత్రిక వర్గీకరణ ఈ పేర్ల ముందు తప్పటడుగు వేస్తుంది. ఊరి దృష్టిలో పేరు సంబంధాల సూచిక. ఖాతా దృష్టిలో పేరు ఒక అక్షరశ్రేణి మాత్రమే.

మరోవైపు, ఇంటిపేరుతో సహా అసలు పేరు చెప్పాలనే నియమం తెలుగు సమాజంలో తటస్థమైన నియమం కాదు. పేరు చివరి బిరుదో, ఇంటిపేరో కులాన్ని పట్టి ఇస్తుంది. ఆధిక్యంలో ఉన్నవారికి అది అలంకారం. అణగారిన కులంలో పుట్టిన యువకునికి అదే అభ్యంతరం కావచ్చు. అతడు రాసినదాన్ని చదవకముందే అతని కులాన్ని చదివేవారు ఉంటారు. పేరులో కొంత భాగాన్ని దాచుకోవడం అతని విషయంలో మోసం కాదు. తన మాటను మాటగా వినమని కోరడం.

గోప్యత అనేది నగరాల నుంచి వచ్చిన ఆధునిక భావన అనే అభిప్రాయమూ నిలవదు. పశువుల సంతలో బేరం జరిగే తీరు ఇందుకు మంచి సాక్ష్యం. కొనేవాడూ మధ్యవర్తీ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ల ఒత్తిడితో ధర చెప్పుకుంటారు. చుట్టూ వందమంది ఉంటారు. ఎద్దు పళ్లు, సుడులు, నడక అందరికీ కనిపిస్తాయి. ధర మాత్రం ఇద్దరికే తెలుస్తుంది. నలుగురిలో నిలబడి కూడా ఏది ఎవరికి తెలియాలో నిర్ణయించుకునే అధికారమే గోప్యత అని ఈ బేరం చెబుతుంది. ఒక సందర్భంలో పంచుకున్న సమాచారం ఆ సందర్భపు మర్యాదల మేరకే ప్రవహించాలని హెలెన్ నిస్సెన్‌బామ్ 2010లో ప్రచురించిన గ్రంథంలో సిద్ధాంతీకరించారు. సంతలోని తువ్వాలు ఆ సూత్రాన్ని ఏనాడో ఆచరణలో పెట్టింది. బంధువుల వాట్సాప్ బృందంలో పెట్టిన పెళ్లి ఫోటో అపరిచితుల చేతికి చేరినప్పుడు ఆ స్త్రీకి కలిగే బాధను ‘నీవే కదా పెట్టావు’ అని కొట్టిపారేయడం తువ్వాలును లాగివేయడంతో సమానం.

విరాటపర్వం: అజ్ఞాతం నిర్మాణం

తిక్కన తన భారత రచనను విరాటపర్వంతో ప్రారంభించాడు. పన్నెండేళ్ల అరణ్యవాసం తరువాత ఒక సంవత్సరం ఎవరికీ తెలియకుండా బతకాలి. తెలిస్తే మళ్లీ పన్నెండేళ్ల అరణ్యవాసం. ఈ నిబంధన వల్ల గుర్తింపు ఇక్కడ ప్రాణసమానమైన సమాచారం అవుతుంది. ధర్మరాజు కంకుడిగా, భీముడు వలలుడిగా, అర్జునుడు బృహన్నలగా, నకులుడు దామగ్రంథిగా, సహదేవుడు తంత్రీపాలుడిగా, ద్రౌపది సైరంధ్రిగా విరాటుని కొలువులో చేరతారు. అంతర్జాల గుర్తింపు దృష్టితో చదివినప్పుడు ఈ కథలో నాలుగు అంశాలు ప్రత్యేకంగా కనిపిస్తాయి.

మొదటిది, పేర్ల పొరలు. లోకానికి చెప్పే పేర్లు కాక, తమలో తాము పిలుచుకోవడానికి జయుడు, జయంతుడు, విజయుడు, జయత్సేనుడు, జయద్బలుడు అనే రహస్యనామాలను పాండవులు ఏర్పరచుకుంటారు. ఒక మనిషికి అసలు పేరు, కొలువు పేరు, ఆప్తుల పేరు అని మూడు పొరలు ఏర్పడ్డాయి. ఏ పొరలోనూ వ్యక్తి మారలేదు. వినేవారు మారారు. ఉద్యోగానికి ఒక ఖాతా, స్నేహితులకు మరొక ఖాతా పెట్టుకునే నేటి యువతను ద్విముఖులని నిందించేవారు ఈ పొరల తర్కాన్ని గమనించాలి.

రెండవది, ఎంచుకున్న వేషాల స్వభావం. వీరిలో ఎవరూ జీవించి ఉన్న మరొక వ్యక్తి రూపాన్ని దొంగిలించలేదు. తమకున్న విద్యలనే వేషాలకు ఆధారం చేసుకున్నారు. వంట తెలిసిన భీముడు వంటవాడయ్యాడు, నాట్యం తెలిసిన అర్జునుడు నాట్యాచార్యుడయ్యాడు. అశ్వవిద్య, గోరక్షణ తెలిసిన కవలలు ఆ పనులకే కుదిరారు. పేరు కల్పితం, పని సత్యం. విరాటుడు వారిని నమ్మింది వారి నడవడిని, నైపుణ్యాన్ని చూసి. ఆ నమ్మకం వమ్ము కాలేదు. దక్షిణ గోగ్రహణంలో శత్రువుకు చిక్కిన విరాటుని విడిపించినవారు మారుపేర్లతో ఉన్న ఆ కొలువువారే.

మూడవది, జాడల ప్రశ్న. దుర్యోధనుని చారులు దేశమంతా వెదకి పేర్లూ ముఖాలూ కనిపించక తిరిగి వస్తారు. అప్పుడు భీష్ముడు వేరొక పద్ధతి సూచిస్తాడు. ధర్మరాజు ఉన్న దేశంలో సకాలంలో వానలు కురుస్తాయి, పంటలు పండుతాయి, పాడి సమృద్ధిగా ఉంటుంది, ప్రజలు ధర్మంలో నిలుస్తారు. మనిషిని వెదకడం మాని, మనిషి వల్ల పరిసరాలలో కలిగిన మార్పును వెదకమని దీని సారాంశం. కీచకుని మరణవార్త విని అది భీముని పనే అయివుండాలని దుర్యోధనుడు ఊహించడమూ తెలుగు సంప్రదాయంలో ప్రసిద్ధం. నేడు సంస్థలు వినియోగదారులను గుర్తించే పద్ధతి సరిగ్గా ఇదే. పేరు చెప్పకపోయినా ఎప్పుడు ఫోన్ తెరిచారు, ఎక్కడి నుంచి ఎక్కడికి ప్రయాణించారు, ఏది ఎంతసేపు చూశారు అనే జాడలు మనిషిని పట్టి ఇస్తాయి. వానకోసం చదివించే పర్వంలో వాన ఒక జాడగా పనిచేయడం గమనించదగినది. పల్లెకు శుభసూచకమైన వాన, అజ్ఞాతంలో ఉన్నవానికి ప్రమాదసూచకం. పేరు దాచినంత మాత్రాన గోప్యత సిద్ధించదనే ఎరుక తిక్కన పాఠకునికి ఏడువందల ఏళ్లకు పైగా అందుబాటులో ఉంది.

నాల్గవది, ధ్రువీకరణ. ఉత్తర గోగ్రహణంలో బృహన్నల తానే అర్జునుడినని చెప్పినప్పుడు ఉత్తరుడు వెంటనే నమ్మడు. అర్జునుని పది పేర్లు, వాటికి కారణాలు చెప్పమంటాడు. ఉరుము ఉరిమితే ‘అర్జునా ఫల్గుణా’ అని తలచుకునే తెలుగువారికి ఆ పేర్లు పరిచితమే. పేర్లు ఎవరైనా వల్లించగలరు. అందుకే ప్రశ్న కారణాల దాకా వెళ్లింది. అయినా నమ్మకం పూర్తయింది జమ్మిచెట్టు మీది గాండీవం అతని చేతిలో పనిచేసినప్పుడే. జ్ఞానాన్ని మాత్రమే ఆధారం చేసుకున్న పరీక్ష అసంపూర్ణమని ఈ ఘట్టం సూచిస్తుంది. ఖాతా సంఖ్యలో చివరి నాలుగు అంకెలు, పుట్టిన తేదీ, తండ్రి పేరు సరిగ్గా చెప్పగానే అవతలివాడు బ్యాంకు ఉద్యోగేనని నమ్మి ఓటీపీ చెప్పేవారి విషయంలో జరుగుతున్నది ఉత్తరుని ప్రశ్నకు ముందే ఆగిపోవడం.

సైరంధ్రి: మరుగు చెల్లించే మూల్యం

విరాటపర్వాన్ని కేవలం అజ్ఞాత విజయగాథగా చదివితే సగమే చదివినట్లు. అజ్ఞాతం అందరికీ సమానమైన రక్షణ ఇవ్వదు. కంకుడు రాజు పక్కన కూర్చొని పాచికలాడుతుండగా, సైరంధ్రి అంతఃపురంలో దాస్యం చేస్తూ కీచకుని కంట పడింది. సభలో అందరూ చూస్తుండగా అతడు ఆమెను తన్నినప్పుడు, ఆమె ఎవరో తెలిసినవారు అక్కడే ఉండి కూడా కదలలేకపోయారు. ఆమె తన పేరు చెబితే న్యాయం దొరకవచ్చు, కాని అందరి అజ్ఞాతం భగ్నమవుతుంది. చెప్పకపోతే ఆమె పేరూ ఊరూ లేని పరిచారిక మాత్రమే. రాజు నుంచి ఆమెకు న్యాయం దక్కకపోవడానికి ఆమెకు చూపదగిన గుర్తింపు లేకపోవడం కూడా కారణమే. గంధర్వులు తన భర్తలనే కథనం ఒక్కటే ఆమెకు మిగిలిన కవచం. కంకుడికి కూడా ఇటువంటి గాయం ఒకటి తగిలింది. బృహన్నలను పొగిడినందుకు విరాటుడు విసిరిన పాచిక ముఖానికి తగిలి నెత్తురు కారింది. అయితే ఆ నెత్తురు నేల రాలకుండా పట్టినది మళ్లీ సైరంధ్రే.

ఈ ఘట్టం నేటి స్త్రీల అంతర్జాల అనుభవానికి అతి సమీపంగా ఉంది. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ఇంటికంతా ఒకే ఫోన్ ఉన్నచోట స్త్రీ ఖాతాకు భర్త పేరో, కొడుకు పేరో ఉంటుంది. ముఖానికి బదులు దేవుని పటమో, పువ్వో, పసిపిల్ల బొమ్మో ఉంటుంది. ఆ మరుగు ఆమెకు మాట్లాడే చోటునిస్తుంది. వేధింపు ఎదురైనప్పుడు అదే మరుగు ఆమె నోరు కట్టేస్తుంది. ఫిర్యాదు చేయాలంటే తన ఖాతా సంగతి ముందు ఇంట్లో చెప్పాలి. ఇంట్లో చెబితే ఫోన్ చేజారుతుంది. కాబట్టి ‘అజ్ఞాతం మంచిదా చెడ్డదా’ అనే ప్రశ్న కన్నా ‘అజ్ఞాతపు మూల్యాన్ని ఎవరు చెల్లిస్తున్నారు’ అనే ప్రశ్న విమర్శకు అవసరం. తిక్కన కథనంలో ఆ మూల్యం చెల్లించిన వ్యక్తి ద్రౌపది అనడంలో సందేహం లేదు.

కళాపూర్ణోదయం: మారురూపం సృష్టించే సంక్షోభం

పదహారవ శతాబ్దికి చెందిన కళాపూర్ణోదయం కథాకల్పనలోని చాతుర్యం గురించి కట్టమంచి రామలింగారెడ్డి మొదలుకొని అనేకులు చర్చించారు. ఆ కల్పన చుట్టూ తిరిగే ప్రధానాంశాలలో రూపాల అపహరణ ఒకటి. నలకూబరుని కోరిన కలభాషిణి రంభ రూపం ధరిస్తుంది. నారద శిష్యుడైన మణికంధరుడు నలకూబరుని రూపం ధరిస్తాడు. చివరకు అసలు రంభ, మారురంభ ఎదురుపడి నేనే రంభనంటే నేనే రంభనని వాదులాడుకునే స్థితి వస్తుంది.

విరాటపర్వంలోని వేషానికీ ఈ రూపధారణకూ ఉన్న భేదం కీలకమైనది. కంకుడనే పేరు ధరించినందువల్ల ఏ కంకుడికీ నష్టం కలగలేదు, ఎందుకంటే అటువంటి మనిషి లేడు. రంభ రూపం ధరించినప్పుడు మాత్రం రంభ అనే సజీవ వ్యక్తి తన ముఖం మీద అధికారం కోల్పోయింది. అసలు వ్యక్తి తాను అసలని నిరూపించుకోవలసిన దుస్థితి ఏర్పడింది. మారురూపం చేసే ప్రధానమైన హాని ఇదే. అది అబద్ధాన్ని నమ్మించడంతో ఆగదు, నిజాన్ని కూడా అనుమానాస్పదం చేస్తుంది. సూరన ఈ సంక్షోభానికి ప్రేమను భూమికగా ఎంచుకోవడంలో ఔచిత్యం ఉంది. మిక్కిలి సన్నిహితులు కూడా రూపాన్నే ప్రమాణంగా తీసుకున్నప్పుడు ఎంత సులభంగా మోసపోతారో ఆ భూమిక చూపగలదు.

2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖాన్ని మరొక స్త్రీ వీడియోకు అతికించిన డీప్‌ఫేక్ దేశమంతటా చర్చకు వచ్చింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక యువకుని అరెస్టు చేశారు. ఆమె అభిమానుల పేజీకి అనుచరులను పెంచుకోవడం కోసం దానిని చేశాడని పోలీసులు చెప్పారు. ఈ ఉదంతంలో రూపం కోల్పోయినవారు ఇద్దరు. ఒకరి ముఖం పోయింది, మరొకరి దేహం పోయింది. రెండవ స్త్రీ గురించి చర్చ తక్కువగా జరగడం కూడా విమర్శకులు గమనించదగిన విషయం. ప్రసిద్ధురాలికి తన మాట చెప్పుకొనే వేదికలున్నాయి. ఇదే పని ఒక చిన్న ఊరి కళాశాల విద్యార్థిని ఫోటోతో జరిగితే, తాను అసలు రంభనని చెప్పుకోవడానికి ఆమెకు మిగిలే సభ ఏది?

కల్పిత ప్రపంచాలలో కలిగే హాని కల్పితమే అనే వాదానికి సమాధానం కూడా ఈ దిశలోనే దొరుకుతుంది. లాంబ్డామూ అనే అక్షరాలతో మాత్రమే నిర్మితమైన కాల్పనిక లోకంలో ఒక వాడుకరి ఇతరుల పాత్రలు వారి ప్రమేయం లేకుండా లైంగిక హింసకు గురైనట్లు రాసి చూపించాడు. ఆ ఉదంతాన్ని జూలియన్ డిబెల్ 1993లో ఒక వ్యాసంగా ప్రచురించాడు. అక్కడ దేహాలు లేవు, బొమ్మలు కూడా లేవు. అయినా బాధితులు పొందిన అవమానం నిజమైనది. తన పాత్ర చేత తాను చెప్పని మాట చెప్పించడం, చేయని పని చేయించడం మారురూపానికి మరొక పేరు. కాల్పనిక లోకాలలో వాడుకరి రూపానికి ‘అవతార్’ అనే మాట స్థిరపడింది. మన పురాణ సంప్రదాయంలో అవతారం ధరించినవాడు ఆ జన్మలోని వియోగాన్నీ, గాయాన్నీ, శాపాన్నీ అనుభవించాడు. అవతారానికి తగిలిన దెబ్బ మూలానికి తగలదనే ఊహ ఆ పదంలో లేదు. 2021 అక్టోబరులో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటాగా పేరు మార్చుకొని మెటావర్స్‌ను ప్రకటించినప్పటి నుంచి ఈ పదం విరివిగా వినిపిస్తోంది. పదాన్ని తీసుకున్నవారు దాని వెనుక ఉన్న బాధ్యతను కూడా తీసుకున్నారా అనేది అడగదగిన ప్రశ్న.

కలంపేరు, మకుటం, కర్తృత్వం

అజ్ఞాతానికీ మారురూపానికీ నడుమ ఉన్నది మారుపేరు. తెలుగు సాహిత్యంలో దీనికి గౌరవప్రదమైన స్థానం ఉంది. భాగవతుల సదాశివ శంకరశాస్త్రి ఆరుద్రగా ప్రసిద్ధుడయ్యాడు. బీనాదేవి అనే పేరు వెనుక భార్యాభర్తలిద్దరు ఉన్నారు. ఒక పేరుకు ఒకే దేహం ఉండాలనే నియమాన్ని ఆ పేరు సున్నితంగా దాటింది. అయినా పాఠకులు మోసపోయినట్లు భావించలేదు. ఆ పేరుతో వచ్చిన రచనలకు నిలకడ ఉంది. పాఠకుడు ప్రశ్నించదలిస్తే ఆ పేరు చిరునామాగా ఉంది. కలంపేరుపై నమ్మకం పుట్టేది దానిని కాలక్రమంలో నిలబెట్టుకోవడం వల్లనే.

వేమన విషయం దీనికి భిన్నం. మకుటం ఒక సంతకం. కాని ఆ సంతకాన్ని ఎవరైనా చేయవచ్చు. మకుటం చేర్చి పద్యం చెబితే అది వేమన పద్యంగా జనంలోకి వెళ్లిపోయింది. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను ప్రచురించినప్పటి నుంచి నేటి దాకా ఏది వేమనది, ఏది ప్రక్షిప్తం అనే చర్చ సాగుతూనే ఉంది. మహాకవుల పేరుతో, మాజీ రాష్ట్రపతుల పేరుతో వాట్సాప్‌లో తిరిగే సూక్తులు ఈ ప్రక్షిప్త సంప్రదాయానికి కొనసాగింపే. ప్రతులను పోల్చడం, పాఠభేదాలను నమోదు చేయడం, ప్రాచీన ఆధారాన్ని వెదకడం, శైలిని బట్టి కర్తృత్వాన్ని నిర్ణయించడం తెలుగు శాఖలు తరతరాలుగా నేర్పుతున్న విద్యలు. నకిలీ సమాచారాన్ని గుర్తించే నేర్పు అంటే ఇవే. తాళపత్రం మీద ప్రయోగించిన పాఠపరిష్కరణ పద్ధతిని తెర మీది పాఠానికి విస్తరింపజేయడం మన శాస్త్రానికి సహజమైన తరువాతి మెట్టు.

యంత్రం అడిగే సాక్ష్యం

నమ్మకం మనుషుల మధ్య నుంచి యంత్రాల మధ్యకు తరలిపోయినప్పుడు మరొక వైపరీత్యం ఏర్పడుతుంది. రేషన్ దుకాణంలో, బ్యాంకు సేవాకేంద్రంలో ఆధార్‌తో అనుసంధానమైన వేలిముద్ర పరికరం మనిషిని ధ్రువీకరిస్తుంది. ఉపాధిహామీ కూలి చెల్లింపులకు ఆధార్ ఆధారిత విధానం 2024 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. పత్తి తీసి, మిరప కోసి, రాళ్లు మోసి అరిగిన వేళ్ల మీద ముద్ర సరిగా పడదు. దుకాణదారుకు ఆమె చిన్ననాటి నుంచి తెలుసు. వరుసలో ఉన్నవారందరికీ తెలుసు. యంత్రానికి తెలియదు. రంభకు మారురంభ ఎదురైతే, ఈ కూలితల్లికి తన వేలే పరాయిదైంది. ఊరంతా సాక్ష్యం చెప్పినా చెల్లని గుర్తింపు, ఎక్కడో కూర్చున్న మోసగాడు నకలు చేయగల గుర్తింపు, ఈ రెండూ ఒకే వ్యవస్థలో ఉండడం మన కాలపు విచిత్రం.

ప్రభుత్వాధికార రూపాన్ని ధరించే ‘డిజిటల్ అరెస్టు’ మోసం దీని రెండవ ముఖం. పోలీసు దుస్తులు, కార్యాలయపు నేపథ్యం, బాధితుని వ్యక్తిగత వివరాలు వీడియో కాల్‌లో చూపి భయపెట్టి డబ్బు బదిలీ చేయిస్తారు. ప్రధానమంత్రి 2024 అక్టోబరులో ఆకాశవాణి ప్రసంగంలో దీని గురించి హెచ్చరించవలసి వచ్చింది. ఈ మోసం విజయవంతం కావడానికి రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, మన జాడలు ఎన్నో చేతులు మారి మోసగానికి చేరడం. రెండు, అధికారాన్ని ప్రశ్నించకూడదని పౌరునికి అలవాటు చేయడం. ఉత్తరుడు తన ఎదుట ఉన్నవాడు మహావీరుడినని చెప్పుకున్నప్పటికీ ప్రశ్నించాడు. ఆ ప్రశ్న అవిధేయత కాదు, నమ్మకానికి తొలి మెట్టు.

హక్కు, పరిశోధకుని బాధ్యత

విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న గోప్యతను రాజ్యాంగం 21వ అధికరణంలో అంతర్భాగమైన ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా గుర్తించింది. సమాచార సాంకేతిక చట్టంలోని 66సి, 66డి సెక్షన్లు గుర్తింపు చౌర్యాన్నీ, వేరొకరుగా నటించి మోసగించడాన్నీ శిక్షార్హం చేస్తున్నాయి. మరుగు హక్కు, మారురూపం నేరం అనే భేదాన్ని చట్టం ఈ విధంగా గుర్తించింది. వాడుకభాషలోని ‘ఫేక్’ అనే మాట ఇంకా గుర్తించలేదు.

అజ్ఞాతం దుర్మార్గులకు కూడా ఆశ్రయమవుతుంది కదా అనే ఆక్షేపం బలమైనదే. ముసుగు వెనుక నుంచి స్త్రీలను, దళితులను, అల్పసంఖ్యాకులను దూషించేవారు ఉన్నారు. అయితే తమ అసలు పేరుతో, ఫోటోతో, కులబిరుదుతో సహా అదే దూషణ చేసేవారూ తక్కువ కాదు. కీచకుడు మారువేషంలో లేడు. అతని పేరు, పదవి, బంధుత్వం సభకంతా తెలుసు. ఆ తెలిసిన గుర్తింపే అతనికి ధైర్యమిచ్చింది. కాబట్టి హానికి మూలం పేరు లేకపోవడంలో కన్నా శిక్ష ఉండదనే ధీమాలో ఉంది.

ఈ చర్చ మన శాఖలకు నేరుగా సంబంధించినది. సామాజిక మాధ్యమాలలోని కవితలు, మీమ్‌లు, పెళ్లిపాటల వీడియోలు, వలసకూలీల స్వరసందేశాలు ఇప్పుడు పరిశోధన సామగ్రిగా సిద్ధాంతవ్యాసాలలో చేరుతున్నాయి. వీటిని అచ్చయిన గ్రంథాల వలె ఉదాహరించడం, తెర చిత్రాలను పేర్లతో సహా అనుబంధంలో ముద్రించడం సరైనదా అనే ప్రశ్న పర్యవేక్షకులు వేయాలి. యాభైమంది చదువుతారని రాసిన కవితను విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో శాశ్వతంగా నిలిపే ముందు కవయిత్రి అనుమతి అడగడం కనీస మర్యాద. మారుపేరు వెనుక ఉన్న వ్యక్తిని కనుగొన్నప్పుడు ఆ పరిశోధకుడు సాహిత్యచరిత్రకు ఉపకారం చేశాడా, లేక దుర్యోధనుని చారుల పని పూర్తి చేశాడా అని విచారించుకోవాలి. దివంగత రచయిత కర్తృత్వ నిర్ణయం ఒక విషయం. జీవించి ఉన్న స్త్రీ ముసుగు తొలగించడం మరొక విషయం. పేరు మార్చి ఉదాహరించినా, పూర్తి వాక్యాన్ని యథాతథంగా ఇస్తే వెదుకులాటలో ఖాతా దొరికిపోతుంది. భీష్ముడు చెప్పిన జాడల పాఠం ఇక్కడ కూడా వర్తిస్తుంది.

ముగింపు

అంతర్జాలంలో ఒక గుర్తింపును అంచనా వేయడానికి ‘ఈ పేరు అసలుదా’ అనే ప్రశ్న చాలదని పై పరిశీలన వల్ల తేలుతుంది. ఆ ముఖం ఎవరిది, ఆ మరుగు వల్ల నష్టపోతున్నది ఎవరు, ఆ పేరు తన మాటకు కట్టుబడి ఉందా, ముసుగు తీసే అధికారం ఎవరి చేతిలో ఉంది అనే నాలుగు ప్రశ్నలు దానికి తోడు కావాలి. మందారపువ్వు బొమ్మ వెనుక ఉన్న గృహిణి, కలంపేరుతో రాసే ఉపాధ్యాయుడు ఈ ప్రశ్నలకు తలెత్తుకొని సమాధానం చెప్పగలరు. పోలీసు ముఖం అతికించుకున్న మోసగాడు చెప్పలేడు.

కళాపూర్ణోదయంలో బ్రహ్మ సరస్వతుల ఏకాంతం నుంచి పుట్టిన కథ లోకంలో వ్యాపించకూడదనే కోరిక నెరవేరలేదు. బయటపడిన కథ ఎందరి జన్మలనో చుట్టుకుంది. విరాటపర్వంలో మాత్రం పాండవులు గడువు ముగిశాక, తామే నిశ్చయించుకున్న వేళ, విరాటుని సభలో తమ నిజరూపాలతో కూర్చున్నారు. ఎవరూ వారి ముసుగు లాగలేదు. తన పేరును తాను కోరుకున్న వేళ, కోరుకున్నవారి ముందు చెప్పగలగడమే గుర్తింపులోని గౌరవం. ఆ అవకాశం రాజులకు దక్కింది. సుగ్గికి పోయిన ఊళ్లో ఫోన్ చేతపట్టుకొని కూర్చున్న తల్లికీ, పేరులో సగం దాచుకొని కవిత రాసే యువకునికీ అది దక్కేటట్లు చూడడం చట్టం చేయవలసిన పని. వారి మాటలను సామగ్రిగా స్వీకరించే సాహిత్య పరిశోధనకు కూడా అందులో వాటా ఉంది.